కఫీల్ గురి

గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్‌లో భోజన్న కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానికి, తాతల నాటి తుపాకి ఒకటుండేది. శుక్రవారం వస్తే చాలు, దాని మూతిలో మందు పోసి, గుండు వేసి, ఇనుప కడ్డీతో దట్టించి పాలడబ్బాను కాల్చేవాడు. డబ్బాకు ఏనాడూ సొట్టయినా పడలేదు. తుపాకి మసి కడిగి నూనె రాయడం మాత్రం భోజన్న పని.

ఒకసారి చుట్టాల ముందు కడ్డీని గొట్టంలోనే మరిచి పేల్చాడు. అది రివ్వున పోయి, డబ్బాతో సహా వెనకున్న కొత్త కారు తలుపులో దిగబడింది.

"దేఖా భోజన్నా? లగ్ గయా!" అని కఫీల్ గంతులేశాడు.

"తాకింది సరే, నీ కారుకు సుత తాకింది గద సామీ," అని భోజన్న నవ్వాపుకుంటూ తెలుగులో గొణిగాడు.

వచ్చిన ప్రతివాడికీ చూపించాలని కఫీల్ ఆ కడ్డీని పీకనివ్వలేదు. మరుసటి శుక్రవారం గుండు దట్టించేందుకు భోజన్న చీపురు కర్ర చెక్కుతూ కూర్చున్నాడు.