పంచె వెలుగు

నిమ్మ ఉప్పు, పొలానికి చల్లే యూరియా, కాసిని నీళ్ళు. ఈ మూడూ సరిగ్గా కాగితే కంటికి ఆనని బొగ్గు నలుసులు పుడతాయనీ, ఊదారంగు టార్చి వేస్తే అవి నీలంగా వెలుగుతాయనీ చెబితే ఉదయగిరి అవతల ఆ పల్లెలో ఎవరు నమ్ముతారు? కోదండరామయ్య నమ్మాడు. కూతురు చెప్పింది, ఆయనకి అంతకు మించిన రుజువు అక్కర్లేదు. అదే కొంప ముంచింది.

కూతురు చైత్ర ఆత్మకూరులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. అక్కడి ల్యాబులో ఓవెన్ మూలపడింది. బాగుచేయించమంటే రేపు మాపు అన్నారు. వేసవి సెలవుల్లో ఇంటికొచ్చి వంటింట్లోనే పని మొదలుపెట్టింది. కాగిన ముద్దని వేడినీళ్ళలో కరిగించి వడపోయాలి. వడపోత కాగితాలు అయిపోయాయి. వాళ్ళింట్లో పులుసైనా మజ్జిగైనా వడకట్టేది పంచె ముక్కతోనే. తల్లి మాలకొండమ్మ భర్త పాత పంచెల్లో మెత్తనిది చూసి చించి ఇచ్చింది.

ఆ ఇంటి పంచెల సంగతి ఊరందరికీ తెలుసు. పంచాయితీకి కూర్చునే మనిషి పంచె మీద మరకుంటే మాట మీద మరకున్నట్టే అని మాలకొండమ్మ పట్టింపు. సబ్బుపొడిలో నానేసి, నీలిమందులో జాడించి, కొంగ రెక్కలా ఆరేసేది.

వడకట్టిన నీళ్ళ మీద టార్చి వేస్తే నీలంగా వెలిగాయి. చైత్రకి సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊళ్ళోవాళ్ళు వింతగా వచ్చి చూసిపోయారు.

అక్కడితో ఆగినా బాగుండేది. నీళ్ళలో చెడ్డ లోహాలుంటే ఆ నలుసుల వెలుగు తగ్గిపోవాలి. వాళ్ళ పొలంలో ఒక పాత బోరుంది. ఆ నీళ్ళు తాగితే కాళ్ళు వాస్తున్నాయని ఊరే దాన్ని మూయించింది. తాగునీళ్ళ ట్యాంకరేమో వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. చైత్ర ఆ బోరు నీళ్ళు కలిపి చూసింది. వెలుగు రవంత కూడా తగ్గలేదు.

"ఈ నీళ్ళలో ఏమీ లేనట్టుండాది నాయనా" అంది, అన్నం తింటూ. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా? సాయంత్రానికల్లా ఆయన బోరు తెరిపించాడు. మొదటి చెంబు తనే తాగి, "మా పాప చూసింది, ఇంకేం భయంలేదు" అన్నాడు.

కాలేజీ తెరిచాక నెల్లూరు నుంచి వడపోత కాగితాలు వచ్చాయి. మిగిలిన ముద్దని చైత్ర కాగితంలో వడపోసింది. గోధుమరంగు నీళ్ళు దిగాయి. టార్చి వేస్తే వెలగలేదు. దగ్గరగా పెట్టినా వెలగలేదు. ముద్ద ఆరోజు పొయ్యి మీదే మాడిపోయింది. ఆ నలుసులు అందులో ఎన్నడూ లేవు.

తర్వాత సంచిలోంచి పంచె ముక్క తీసి, ఉత్త వేడినీళ్ళు దాని గుండా పోసింది. అవి నీలంగా వెలిగాయి. బట్టని తెల్లగా చూపించడానికి సబ్బుపొడిలో ఒక మందు కలుపుతారు, ఆ వెలుగంతా దానిది. నీళ్ళలో లోహాలుంటే అది తగ్గాలని లేదు. మంచినీళ్ళతో పోల్చి చూడాలని ఆమెకి తెలీక కాదు, అప్పుడూ పోల్చింది. కాకపోతే ఆ మంచినీళ్ళు కాలేజీ నుంచి తెచ్చుకున్న క్యానులోంచి నేరుగా పోసుకుంది, పంచెలో వడకట్టలేదు, అందుకే అవి వెలగలేదు. చదువు పోతే పోయింది, బోరు సంగతో? దొరికిన బస్సెక్కింది.

ఇంటికొచ్చేసరికి నాయన అరుగు మీద కూర్చుని చెప్పు తొడుక్కోవడానికి తంటాలు పడుతున్నాడు. పాదాలు వాచి ఉన్నాయి. చైత్ర అంతా చెప్పేసింది. ఆయన చెప్పు పక్కన పెట్టాడు.

"అయితే నీళ్ళు చెడ్డయ్యా?"

"తెలీదు నాయనా. మంచివని మాత్రం నేను చెప్పలేను."

"నాకు చెప్తే ఏం లాభం? పా, ఊరికి చెప్పు."

పొద్దుగూకే వేళ. బోరు దగ్గర బిందెలు బారు తీరి ఉన్నాయి, మాలకొండమ్మ బిందె కూడా వాటిలో ఉంది. చైత్ర గొంతు పెంచి జరిగిందంతా చెప్పింది.

"అప్పుడు వెలిగింది గదా పాపా, మేమూ చూసినాము" అన్నాడు పక్క పొలం నారాయణయ్య.

ఇక మాటలతో కాదనుకుంది. నాయన్ని మోటారు గది చీకట్లో నిలబెట్టి టార్చి వేసింది. పంచె నడుము నుంచి అంచు దాకా నీలంగా భగ్గుమంది. "చూడండి. ఆరోజు వెలిగింది ఇదే."

నారాయణయ్య వంగి పంచె అంచు పట్టుకు చూసి అడిగాడు. "ఆ పంచె ఏ నీళ్ళతో ఉతికినారమ్మా?"

"ఈ బోరు నీళ్ళతోనే" అంది మాలకొండమ్మ.

"ఇంకేం మరి. నీళ్ళు మంచియ్యి గాబట్టే గుడ్డ గూడా వెలగతా ఉండాది."

అందరూ తలాడించారు. బిందెలు ముందుకు జరిగాయి. చైత్రకి తల నేలకేసి కొట్టుకోవాలనిపించింది. "నువ్వన్నా చెప్పు నాయనా. నీ మాట వింటారు."

కోదండరామయ్యకి కూతురు అబద్ధమాడదని తెలుసు. బిందెల బారు చూశాడు, ఎండిపోయి ఉన్న బాట వంక చూశాడు.

"ట్యాంకరు వచ్చి ఎన్నాళ్ళయిందో తెలుసా" అన్నాడు మెల్లిగా. "వొద్దంటే ఈళ్ళేం తాగతారు చైత్రా?"

రోజూలాగే మొదటి చెంబు ఆయనే పట్టాడు. అందరూ చూస్తుండగా ఎత్తి గటగటా తాగాడు. చైత్ర టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ వెలుతురులో పంచె ధగధగలాడుతోంది, దాని కింద వాచిన పాదాలు నల్లగా ఉన్నాయి.

"అది ఆర్పమ్మా" అన్నాడు నారాయణయ్య, బిందె కుళాయి కింద పెడుతూ. "బ్యాటరీ అయిపోతాది."