కంచం మీద పేరు

మహాదేవమ్మ జహీరాబాద్ బస్టాండు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఆమె భర్త రేవణసిద్ధప్ప చిరాగ్‌పల్లి దగ్గర ధాబాలో వంట చేసేవాడు. ఓ లారీ డ్రైవరు మాట పట్టుకుని బొంబాయి పోయి, సరుకుల ఓడలో వంటమనిషిగా కుదిరాడు. తొమ్మిదేళ్ల కిందట ఆ ఓడ తుఫానుకు మునిగిపోయింది. కొందరు బతికారు. అతని ఆచూకీ మాత్రం దొరకలేదు.

మరిది గురులింగప్ప కర్మ చేద్దామని ఎన్నిసార్లు అడిగినా ఆమె ఒప్పుకోలేదు. ఈత వచ్చిన మనిషి, ఏదో ఒడ్డు చేరి ఉంటాడని ఆమె నమ్మకం.

కాలేజీలో ఇంగ్లీషు చెప్పే కూతురు ప్రవీణకు ఈమధ్య దూరపు దీవి నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి ఓడల చరిత్ర చెప్పే మ్యూజియం వాళ్లు రాశారు. మునిగిన ఓడలోకి దిగినవాళ్లకు ఓ స్టీలు కంచం దొరికింది. దాని మీద తెలుగులో చెక్కిన పేరు మహాదేవమ్మ. ఓడలో ఆడమనిషే లేదు. తీరా ఓడ కంపెనీ కాగితాలు చూస్తే వంటమనిషి భార్య పేరు అదేనని తేలింది.

అది ఆమె పుట్టింటి కంచం. పెళ్లికి పెట్టినది. చివరిసారి వెళ్తూ అతను చెప్పకుండా తీసుకుపోయాడు. ఫోనులో ఆమె ఆ కంచం గురించే కోప్పడింది. మళ్లీ మాట్లాడే రోజు రాలేదు.

ఓ మధ్యాహ్నం మ్యూజియం ఆవిడ వీడియో కాల్‌లో కంచం చూపించింది.

"ఏడ దొరికింది, అడుగు," అంది మహాదేవమ్మ.

అతని గదిలో, రేకు పెట్టెలో ఉందట. గది తలుపు వంగి ఇరుక్కుపోయిందట. ఆ తర్వాత మాటను ప్రవీణ ఆవిడతో రెండోసారి చెప్పించుకుంది. గది లోపల మనిషి ఎముకలు కూడా ఉన్నాయని అప్పుడు తల్లికి చెప్పింది.

మహాదేవమ్మ అడిగింది:

"కాల్చిన్రా, పూడ్చిన్రా?"

"ఒడ్డు మీద పూడ్చిన్రట, అమ్మా."

మహాదేవమ్మ వాళ్లు లింగాయతులు. పోయినవాళ్లను విభూతి పెట్టి మట్టిలో కూర్చోబెడతారు. "మనోళ్ల తీరుగనే మట్టిల వెట్టిన్రు," అందామె. "విభూతొక్కటే లేకపాయె."

కంచం పంపమంటారా అని ఆవిడ అడిగింది.

"ఆడనే ఉండనీ. ఆయన ఆడుండంగ, గీడ నేనేం జేసుకుంట? నా పేరు ఎట్లనూ ఉన్నది, పక్కన ఆయన పేరు గూడ రాయమను. మంచిగ వండెటోడని రాయమను."

మర్నాడు ఆమె ఝరాసంగం శివుడి గుడికి పోయి విభూతి తెచ్చి, పొట్లం కట్టి, పోస్టులో దీవికి పంపించింది. సమాధి మీద చల్లుతామని మ్యూజియం ఆవిడ మాటిచ్చింది.

ఆ సోమవారం భర్త సొంతూరు న్యాల్‌కల్‌లో కర్మ చేయించింది. వచ్చినవాళ్లకు రొట్టెలన్నీ తానే చేసింది. అందరూ తిని వెళ్లాక, ఆరిన పొయ్యి ముందు కూర్చుని, తొమ్మిదేళ్లుగా ఏడవని ఏడుపు ఏడ్చింది. గురులింగప్ప ఆపబోతే ప్రవీణ వద్దని చెయ్యి పట్టుకుంది.