చిట్టెమ్మ ఇంట్లో పస్తానం

పస్తానం పెట్టి, ఆ తరవాత బయలుదేరకపోతే ఆ ప్రయాణం ఏమవుతుంది? చాలా ఏళ్లుగా నాకున్న సందేహం ఇది. దీపం పెట్టి కూర్చున్నప్పుడు కూడా అప్పుడప్పుడు గుర్తుకొచ్చేది. పెద్ద విషయం కాదు కనుక ఎవరినీ గట్టిగా అడగలేదు.

పస్తానం సంగతి ఇప్పుడు చాలామందికి తెలియదు. వెళ్లాల్సిన దిక్కుకు ఆ రోజు వారశూల ఉంటే, అంటే అటు పోకూడని రోజైతే, ముందురోజే మంచి ఘడియ చూసి, ఒక గుడ్డలో పిడికెడు బియ్యం, పసుపుకొమ్ము మూటకట్టి, ఆ దిక్కున ఉన్న వేరేవాళ్ల ఇంట్లో పెడతాం. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. మర్నాడు దారిలో ఆ మూట తీసుకుని పోవాలి; దాన్నే పస్తానం లేపడం అంటాం. అది తిరిగి మన ఇంటికి రాకూడదు.

ఉద్యమం రోజుల్లో ఒకసారి మేము సూర్యాపేట అవతల ఉన్న నాగులపాడు వెళ్దామనుకున్నాం. కాకతీయుల కాలం నాటి నల్లరాతి గుళ్లు అక్కడ ఉన్నాయి. పెద్దగా ఎవరూ పోరు. మా అమ్మ చిన్నప్పుడు చూసి, ఆ స్తంభాల మీద చెక్కిన బొమ్మల గురించి జీవితమంతా చెప్పేది. మా ఆయన వెంకటేశం యూనివర్సిటీలో అటెండరు. ఆయనకు శనివారమే వీలైంది. శనివారం తూర్పుకు శూల. అందుకని శుక్రవారం సాయంత్రం తార్నాకలో మా వీధి తూర్పు చివర ఉండే చిట్టెమ్మ ఇంటికి గుడ్డ, పసుపుకొమ్ము పట్టుకుని వెళ్లాను. బియ్యం మరిచిపోయాను.

"మల్ల ఇంటికి పోయి తెచ్చుకుంటె ఘడియ దాటుతది గద వదినా," అని చిట్టెమ్మ తన డబ్బాలోంచి పిడికెడు తీసి పోసింది. రేపు ఇస్తానన్నాను. వాళ్లు చర్చికి వెళ్లేవాళ్లు. ఆమె భర్త దానియేలు, మా ఆయన ఒకే ఆఫీసులో పనిచేసేవారు.

మర్నాడు బంద్. క్యాంపస్ గేట్ల దగ్గర ముళ్లకంచెలు, ఒక్క బస్సూ లేదు. ఆ తరవాత ఇంట్లో ఒకటి కాకపోతే ఒకటి. చిట్టెమ్మ వాళ్లు హబ్సిగూడకు మారిపోయారు. మూట సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఈ చలికాలం ఒకరోజు క్యాంపస్‌లో పొద్దుటి నడక అయ్యాక, ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చున్నాం. నాతో నడిచే పద్మశ్రీ మేడం ఆ కాలేజీలోనే చరిత్ర పాఠాలు చెబుతుంది.

"స్వరూపక్కా, వచ్చే శనివారం నాగులపాడు పోతున్నం. బండి మాట్లాడిన. నీకు కిటికీ పక్క సీటు."

"శనివారం తూర్పుకు శూల గద మేడం."

"శూల కాదక్కా, ఆ తోవల మనల్ని ఆపేది టోల్‌గేట్లే."

"ఆదివారం అయితే?"

"ఆదివారం నాకు పరీక్ష డ్యూటీ. తర్వాత ఎండలొస్తయి. నీ మోకాళ్లు అప్పటిదాక ఆగుతయా?"

మోకాళ్ల మాట నిజమే. ఆపరేషన్ తప్పదని డాక్టర్ చెప్పేశాడు. ఆ గుళ్ల అరుగులు ఎత్తుగా ఉంటాయని అమ్మ అనేది. ఇప్పుడు ఎక్కకపోతే ఇక ఎక్కలేను.

ఇంట్లో చెబితే మా ఆయన నవ్వాడు. "ఇంకో పస్తానం పెట్టు. తూర్పున మస్తు ఇండ్లున్నయి."

"పాతది లేపకుండ కొత్తది ఎట్ల పెడతరు?"

"పాతదా? అది ఏనాడో చిట్టెమ్మ కుండల ఉడికింది. నీ ప్రయాణాన్ని దానియేలు పప్పు కలుపుకొని తిన్నడు."

గుడికి వెళ్లినప్పుడు నరహరి పంతులును అడిగాను. పస్తానం కొన్నాళ్లే చెల్లుతుందని, ఆ తరవాత అది వట్టి మూటేనని చెప్పాడాయన.

"మరి మనం దేవునికి చెప్పిన మాట గూడ గడువు దాటితే వట్టిదే అయితదా అయ్యగారూ?"

ఆయన గంధం గిన్నె పక్కన పెట్టాడు. "పెట్టింది నువ్వు, లేపాల్సింది నువ్వు. ఉంటే లేపమ్మా. లేకపోతే పొమ్మనీ చెప్పను, పోవద్దనీ చెప్పను."

నేనే ఒక నిర్ణయానికి వచ్చాను. మూట ఉంటే వెళ్తాను, లేకపోతే ఇక ఆ గుళ్ల మాట ఎత్తను. శుక్రవారం సాయంత్రం వరకు సీటు ఆపమని మేడంకు చెప్పి, ఆ శుక్రవారం మధ్యాహ్నమే మెట్రో ఎక్కాను.

చిట్టెమ్మ ఇల్లు ఒక టిఫిన్ సెంటర్ పైన. తలుపు తీసి, నన్ను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"గిప్పుడు దొరికిందా తోవ? తార్నాకకెల్లి ఒక్క స్టేషనే గద వదినా."

చాయ్ తాగాం. మోకాళ్ల గురించి, వాళ్ల నీళ్ల ట్యాంకర్ గురించి మాట్లాడాం. నేను అసలు మాటకు రాలేకపోయాను. చివరికి "రేపు నాగులపాడు పోదామనుకుంటున్న," అన్నాను.

ఆమె లేచి లోపలికి వెళ్లింది. రేకు పెట్టె మూత చప్పుడైంది. తిరిగొచ్చి నా ముందు మూట పెట్టింది. గుడ్డ అదే, రంగు వెలిసిపోయింది. ముడి విప్పాను. బియ్యం తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

"గివి అప్పటి బియ్యం కావు," అన్నాను.

"కావు. పురుగు పట్టినప్పుడల్ల మార్చిన."

"నీకు వీటిమీద నమ్మకం లేదు గద."

"నాకెందుకు నమ్మకం? నువ్వు నమ్మి పెట్టినవు. పురుగు బియ్యంతోని నిన్నెట్ల సాగనంపాలె?"

లోపలి గదిలోంచి దానియేలు అన్నాడు. "ఇల్లు మారిననాడు ఆటోల ముందుగాల ఎక్కింది నీ మూటనే చెల్లే. మా బైబిలు రెండో ట్రిప్పుల వచ్చింది."

"అబద్ధం. రెండు ఒక్క సంచిలనే వచ్చినయి," అంది చిట్టెమ్మ.

నా ప్రయాణం ఆగిపోయిందని ఇన్నేళ్లూ అనుకున్నాను. మూట మాత్రం తూర్పుకు ఒక స్టేషన్ దూరం జరిగే ఉంది. బియ్యం మారుతూ వస్తే గడువు ఎప్పుడు దాటినట్టు? పంతులును ఈ మాట అడగాలనుకున్నాను గానీ, అడిగినా ఆయన మళ్లీ నా మీదే వేస్తాడనిపించింది. ముడి వేసి మూట ఆమెకే ఇచ్చాను.

"ఇంటికి తీస్కపోవద్దు. రేపు బండి గీడికెల్లే పోతది. అప్పుడు లేపుత."

"ఇన్నేండ్లు ఉంచినదాన్ని, ఒక్క రాత్రి ఉంచనా?"

కింద మెట్ల దగ్గర నిలబడి మేడంకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను.

శనివారం తెల్లవారాక బండి హబ్సిగూడలో ఆగింది. నాతో పాటు బయలుదేరిన మా ఆయన, నాకు ఆపిన కిటికీ పక్క సీటు తనదన్నట్టు కూర్చున్నాడు. పద్మశ్రీ మేడం, "అక్కా, జల్ది. నీ పస్తానం కోసం కాకతీయులు ఎదురుచూస్తున్నరు," అంది. చిట్టెమ్మ కిందికి దిగి వచ్చి మూటను నా కుడిచేతిలో పెట్టింది. నేను ఇంటి నుంచి తెచ్చిన బియ్యం సంచి ఆమె ముందు తెరిచాను.

"ఇదేంది?"

"ఆనాడు రేపిస్తనన్న బియ్యం."

"నేను పోసింది పిడికెడే గద."

"తర్వాత మార్చినవన్నీ?"

"అవి నువ్వడగలే. నా అంతట నేను పోసిన."

సంచిలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసింది. ఎక్కువైనట్టు చూసి, కొన్ని గింజలు వేళ్ల మధ్య నుంచి మళ్లీ సంచిలోకి వదిలింది. గుప్పిట మూసుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.