జకరయ్య ఎల్సీ తిరిగివ్వలేదు

కరెంటు కంపెనీ అంటే ఏమనుకున్నారు, దాని భయాలు దానికుంటాయి! తుఫాను వచ్చిందంటే దివిసీమలో స్తంభాలు నేలకొరుగుతాయి. ఉప్పుగాలి తీగల్ని తినేస్తుంది. ఈ ఏడు రొయ్యల చెరువులు కళకళలాడితే కరెంటు చాలదు, వచ్చే ఏడు తెగులొస్తే కొనే నాథుడుండడు. రేపేమవుతుందో తెలియనిచోట జీతాలిచ్చి మనుషుల్ని ఎందుకు పెట్టాలనుకుంది కంపెనీ. హంసలదీవి వైపు కరెంటిచ్చే సబ్‌స్టేషన్‌ను ఇకమీదట మచిలీపట్నంలో కూర్చుని కంప్యూటర్‌తో నడుపుతారట. అక్కడ ఆపరేటరుగా ఉన్న నిస్సీని గుడివాడకు వేశారు. ఇది జరిగిన రోజే అక్కడ ఆమెకు ఆఖరి డ్యూటీ.

నిస్సీ దిగులు ఉద్యోగం గురించి కాదు, జకరయ్య గొంతు గురించి. అతను ఆ తీరంలో లైన్‌మన్. స్తంభం ఎక్కేముందు ఫోన్ చేసి కరెంటు ఆపమంటాడు. దాన్ని ఎల్సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవడం అంటారు. పనయ్యాక, తీసుకున్నవాడే తన నోటితో తిరిగివ్వాలి. అప్పటిదాకా దేవుడు దిగివచ్చినా ఆపరేటరు స్విచ్ వేయకూడదు. మూడేళ్లుగా వాళ్లిద్దరి మధ్యా నడిచిన మాటలన్నీ అవే. "ఎల్సీ కావాలండీ", "తీసుకోండి", "తిరిగిస్తున్నానండీ", "సరేనండీ". ఇందులో ప్రేమెక్కడుందంటే ఏం చెప్తాం! ఆ "అండీ" కోసం నిస్సీ పొద్దుటినుంచీ చెవులు రిక్కించుకుని కూర్చునేది. ఒక్కసారైనా వేరే మాట అంటాడేమోనని ఆశపడేది. అనలేదు మహానుభావుడు. తనూ అనలేదు.

ఆ మధ్యాహ్నం జకరయ్య ఎల్సీ తీసుకున్నాడు. తుప్పుపట్టిన క్లాంపు మార్చాలి, అరగంట పని. గంట దాటినా ఫోన్ రాలేదు. చెరువుల రైతులు మొదలుపెట్టారు, "అమ్మా, ఏరియేటర్లు ఆగిపోయాయ్, గాలందక రొయ్యలు తేలిపోతాయ్!" అని. మచిలీపట్నం నుంచి ఇంజనీరు శ్రీకృష్ణ అరిచాడు: "ఏంటమ్మా ఇది? ఆఖరి రోజున నా కొంప ముంచుతావా?" నిస్సీ చెవికి అవేవీ ఎక్కలేదు. తీగ మీద అతనికేమైనా అయిందేమోనన్నదే ఆమె భయం. తనే ఫోన్ చేసింది.

వెంటనే ఎత్తాడు.

"ఎక్కడున్నారండీ? దిగారా?"

"ఎప్పుడో దిగానండీ. స్తంభం కిందే కూర్చున్నా."

"దిగినోళ్లు ఎల్సీ ఇవ్వరేం? బుద్ధుందా మీకు? ఇక్కడ నా పైప్రాణాలు పైనే పోయాయి!"



"ఇచ్చేస్తే ఫోన్ పెట్టేస్తారుగా," అన్నాడు జకరయ్య. "రేపట్నుంచి ఎవరెత్తుతారో ఏమో."

నిస్సీకి ఏడుపొచ్చింది, దాని వెనకాలే కోపమూ వచ్చింది. ఇన్నాళ్లూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, రొయ్యలన్నీ చచ్చే వేళకా చెప్పేది ఈ మనిషి!

"ముందు ఇవ్వండి," అంది. "నేను పెట్టను."

"ఒట్టు?"

"ఒట్టు."

"ఎల్సీ తిరిగిస్తున్నానండీ. మనుషులందరూ దిగారు."

ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి నిస్సీ స్విచ్ వేసింది. అతని వెనక చెరువుల్లో ఏరియేటర్లు తిరగడం మొదలైన చప్పుడు ఫోన్‌లో వినిపించింది. బల్ల మీద ఇంకో ఫోన్ మోగుతోంది, శ్రీకృష్ణే అయ్యుంటాడు. ఆమె అటు చూడలేదు.

"చెప్పండి," అంది.



"గుడివాడ బస్సు ఎక్కడెక్కుతారండీ?" అన్నాడు జకరయ్య.

"అవనిగడ్డలో."

"నేనొచ్చేదాకా ఎక్కకండీ."