అల్లుడు ముట్టుకున్న చేయి

నలుబోవా డాక్టరు దగ్గర అబద్ధమాడింది. ఒకసారి కాదు, వరసగా పదకొండు నెలలు. "రోజుకి ఎన్ని మాత్రలు వేసుకుంటున్నారమ్మా?" అని డాక్టర్ అపియో అడగడం, "మీరు చెప్పినట్టే, పొద్దునొకటి, రాత్రొకటి" అని ఈవిడ చెప్పడం, ఆవిడ కాగితం మీద రెండు అని రాసుకోవడం. మింగుతున్నవి మాత్రం ఎనిమిది. మిగతా ఆరూ బజారులో మందుల కొట్టు నుంచి ఒంటి మీది గోమెసి గుడ్డ మడతల్లో దాచుకుని తెచ్చుకునేది.

తిట్టేవాళ్ళు తిట్టుకోండి. ఆ నడుం నొప్పి మీకు రాలేదు. పచ్చి అరటి గెల భుజాన వేసుకుని తోటలో జారిపడిన నాటి నుంచి ఆమెకు కూర్చుంటే లేవలేని, లేస్తే కూర్చోలేని బతుకైపోయింది. రెండు మాత్రలకి ఆ నొప్పి కాసేపు కునుకు తీసేది, అంతే. నిజం చెబితే ఆ రెండూ కూడా మాన్పించేస్తారని ఆమె భయం.

ఇలా ఉండగా మందుల కొట్టువాడు చెల్లెలి పెళ్ళికని తాళం వేసుకుని పోయాడు. డాక్టరిచ్చినవాటితో సహా మాత్రలు నిండుకున్నాయి. రెండో రోజుకల్లా ఒళ్ళంతా చెమటలు, చేతులు ఒకటే వణుకు. టీ కప్పు పట్టుకుంటే సగం ఒలికిపోయేది. ఎవరైనా వస్తే చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చునేది. నాలుగో రోజు అరటాకులు కోయడానికి తోటలోకి వెళ్ళి కళ్ళు తిరిగి పడిపోయింది.

సరిగ్గా అప్పుడే, ఊళ్ళో ఇంకెవరూ లేనట్టు, అల్లుడు కిబిరిగే వచ్చాడు. పెళ్ళాం నంతేజా పంపిన చేపల బుట్ట కంచె దగ్గర పెట్టి, కేకేసి పోదామనుకున్నాడు. లోపలికెలా వస్తాడు? అత్తా అల్లుడూ ఎదురుపడకూడదు, ఒకరినొకరు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఒబుకో అనే జబ్బు పట్టుకుంటుంది, జన్మంతా చేతులు వణుకుతాయి. బగాండా తెగవాళ్ళ ఇళ్ళల్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతే ఇది.

మూలుగు విని కిబిరిగే తోటలోకి పరిగెత్తాడు. నలుబోవా అతన్ని చూసి మొహం మట్టిలో దాచుకుంది.

"ముట్టుకోకు నాయనా! నీకు దణ్ణం పెడతాను, ముట్టుకోకు."

"ముట్టుకోకపోతే ఇక్కడే పోతారు అత్తయ్యా. కళ్ళు మూసుకోండి. నేనూ చూడనులెండి."

నిజంగానే మొహం పక్కకి తిప్పుకుని, దారి కనపడక రెండుసార్లు అరటి బోదెకి గుద్దుకుంటూ ఆమెను రెండు చేతుల మీదా మోసుకెళ్ళాడు. మోటారు సైకిలు మీద కూర్చోబెట్టి, పడిపోకుండా తన చొక్కాతో తన వీపుకే కట్టుకుని ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాడు. కన్నకొడుకు కూడా అంత చెయ్యడు.

డాక్టరు గురువారాలే వస్తుంది కాబట్టి నర్సు సెలైన్ ఎక్కించి పంపేసింది. కొట్టు తెరవగానే, వణుకు పోతుందని నలుబోవా ఒకరోజు పది మాత్రలు మింగింది. పోలేదు, ఇంకా ఎక్కువైంది. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం చేతిలోంచి జారిపడేసరికి ఊరంతా చూసింది. నిప్పు లేనిదే పొగ రాదు కదా! అల్లుడు ఎత్తుకున్నాడు, అత్త చేతులు వణికాయి. ఇంకేం కావాలి?

కులపెద్దలు కూర్చున్నారు. కిబిరిగే ఆమె దారికి దూరంగా పోతే తప్ప ఆ చేతులు కుదుటపడవన్నారు. అతను ఎదురు చెప్పలేదు. సరస్సు మధ్య దీవిలో చేపల పడవల మీద పని వెతుక్కుంటానన్నాడు. వెళ్ళేరోజు వచ్చి రెల్లు కంచె అవతల నిలబడ్డాడు.

"నా వల్లే మీకీ గతి పట్టింది అత్తయ్యా. మన్నించండి."

నువ్వు ముట్టుకోకముందే వణుకుతున్నాయి నాయనా అన్న మాట నలుబోవా గొంతుదాకా వచ్చింది. ఆ మాట అంటే మాత్రల సంగతీ చెప్పాలి. మత్తుకు మరిగిన ముసలిదని ఊరు ఉమ్మేస్తుంది. ఉన్న మందూ పోతుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది.

"జాగ్రత్తగా వెళ్ళిరా బాబూ" అని మాత్రం అంది.

ఆ వారం నంతేజా ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చింది. అరటికాయల మటోకే ఉడకబెట్టింది, తల్లికి ముద్దలు కలిపి తినిపించింది. తినిపిస్తూ తినిపిస్తూ ఒక్కసారిగా భోరుమంది.

"ఇంకెవర్నన్నా కేకెయ్యలేకపోయావా అమ్మా? నా మొగుడే దొరికాడా నీకు?"

నలుబోవా కంచం పక్కకి జరిపేసింది.

గురువారం నాడు ఆరోగ్య కేంద్రంలో కూతుర్ని బయట కూర్చోమని తనొక్కతే లోపలికెళ్ళింది. డాక్టర్ అపియో ఎప్పటిలాగే అడిగింది.

"ఎన్ని వేసుకుంటున్నారమ్మా?"

"ఎనిమిది. ఒక్కోరోజు పది. ఒక్కోరోజు ఒక్కటీ ఉండదు. తిట్టండి డాక్టరమ్మా, కొట్టండి, కానీ మాన్పించెయ్యకండి. నేను బతకలేను" అంటూ వణికే చేతులు తెచ్చి బల్ల మీద పెట్టింది.

అపియో కలం పక్కన పెట్టేసింది.

"ఇన్ని నెలలు రెండు అని చెబితే రెండు అని రాసుకున్నాను. నొప్పి తగ్గిందా అని గట్టిగా ఒక్కసారైనా అడిగానా? తప్పు నాది కూడా" అంది. "ఒక్కసారిగా మాన్పిస్తే ప్రమాదం. మెల్లగా తగ్గిద్దాం. నడుముకి వేరే మందు చూద్దాం. నొప్పి మొత్తం పోతుందని మాటివ్వలేను. కానీ ఈ వణుకు మాత్రల వల్లేనమ్మా, ఇది పోతుంది."

"ఒబుకో కాదా?"

"ఎప్పుడు మొదలైంది?"

నలుబోవా ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. "ఆ పిల్లాడు ముట్టుకోవడానికి రెండు రోజుల ముందు."

బయటికొచ్చి కూతురికీ చెప్పేసింది. మర్నాడు నంతేజా మాత్రల డబ్బా తన కొంగున కట్టుకుని, డాక్టరు చెప్పిన లెక్కన తనే ఇవ్వడం మొదలుపెట్టింది. చేతులు కుదుటపడితేగానీ ఎవరూ నమ్మరని, దీవికి ఫోను చెయ్యడం అప్పటిదాకా ఆపింది.

వారానికో మాత్ర తగ్గింది. ఆ రాత్రుళ్ళ బాధ పగవాళ్ళకి కూడా వద్దు. రెండు నెలలు తిరిగేసరికి కప్పులో టీ తొణకడం ఆగింది. ఆ రోజే నంతేజా దీవికి ఫోను కలిపి తల్లి చేతికిచ్చింది.

"చేతులెలా ఉన్నాయి అత్తయ్యా?"

"వణకడం లేదు నాయనా."

"చూశారా! నేనిటు వచ్చేశాక తగ్గిపోయింది!" అతని గొంతులో ఎంత సంతోషమో.

"కాదు బాబూ, అది మాత్రల వల్ల. నువ్వు ముట్టుకోకముందే వణికాయి. నేనే దాచాను. డాక్టరమ్మ కాగితం కూడా ఉంది. ఇంటికి రా."

అవతల నీళ్ళ చప్పుడు వినిపించింది. కిబిరిగే మెల్లగా అన్నాడు.

"మీది వెన్నలాంటి మనసు అత్తయ్యా. అల్లుడి మీద మాట రాకూడదని మీ నెత్తిన వేసుకుంటున్నారు. అదే నిజమైతే ఆ రోజు కంచె దగ్గరే చెప్పేవారు కదా! కళ్ళెదుట నేను దేశాలు పట్టిపోతుంటే ఊరుకునే మనిషా మీరు?"

ఆమె ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది.

"మళ్ళీ వచ్చి మీ చేతులు పాడుచెయ్యను. పిల్లలకి ముద్దులని చెప్పండి."

ఫోను ఆగిపోయింది. నంతేజా దగ్గరగా వచ్చి నేల మీద కూర్చుంది.

"ఏమన్నాడమ్మా? ఎప్పుడొస్తాడట?"

నలుబోవా తన చేతుల వంక చూసుకుంది. అతను దూరంగా ఉన్నా వణుకుతాయని చూపించడానికైనా కాస్త వణికితే బాగుండునని ప్రాణం కొట్టుకుపోయింది. ఒక్క వేలు కూడా కదల్లేదు.

"చెప్పాల్సిన రోజు నేను చెప్పలేదే తల్లీ" అంది.