ఒక్క మాట రాసి పంపింది

డబ్లిన్‌లోని ఆ పేమెంట్స్ స్టార్టప్‌లో మనస్విని ఇంజనీరుగా చేరి ఏడాదిన్నర అయింది. నలభై మంది పనిచేసే చోటు. సోమవారం అనుకున్నది శుక్రవారానికల్లా కస్టమర్ల ఫోన్లలో ఉండాలి. తను ఉండే మెయ్‌నూత్ ఊళ్లో రైలెక్కగానే ఆమె లాప్‌టాప్ తెరిచేది. ఆ పరుగు ఆమెకు ఇష్టమే. ఇంటర్వ్యూలు చేయడానికి తనను పిలవడం మొదలయ్యాక కాస్త గర్వం కూడా వచ్చింది.

మార్చిలో ఇంటర్వ్యూకి త్రినాథ్ వచ్చాడు. జగిత్యాల నుంచి వచ్చి ఐర్లండ్‌లోనే కార్లో అనే ఊళ్లో ఎమ్మెస్ చేశాడు. రెండేళ్లుగా ఉద్యోగం వెతుకుతున్నాడు, వీసా మే నెలాఖరు వరకే ఉంది. గదిలో అతనితోపాటు మనస్విని, ఆమె మేనేజర్ ఓషీన్ కూర్చున్నారు. ఒకరి నుంచి మరొకరికి డబ్బు పంపే చిన్న ప్రోగ్రాం నలభై నిమిషాల్లో రాయాలి.

త్రినాథ్ పది నిమిషాల వరకు కీబోర్డు ముట్టుకోలేదు. బోర్డు మీద ఏవో గీతలు గీసి, "మధ్యలో నెట్ పోయి మనిషి మళ్లీ బటన్ నొక్కితే? డబ్బు రెండుసార్లు పోతుంది కదా?" అని ఇంగ్లిష్‌లో అడిగాడు.

"ముందు రాసెయ్, అది తర్వాత చూద్దాం," అన్నాడు ఓషీన్.

సరిగ్గా ఆ తప్పు దిద్దడానికే మనస్విని కిందటేడు మూడు వారాలు నిద్ర మానుకుంది. అయినా ఏమీ అనలేదు. టైమయ్యేసరికి త్రినాథ్ పని ముప్పావు వంతే పూర్తయింది. రాసినంతలో మాత్రం తప్పు పట్టే చోటు లేదు.

లిఫ్ట్ దగ్గర అతను తెలుగులోకి దిగాడు. "అక్కా, ఎట్ల చేసిన?"

"బాగానే చేశావు," అంది.

ఆమె తిరిగి రాగానే ఓషీన్ అడిగాడు. "మంచివాడే, కానీ స్లో. నువ్వేమంటావు? మీ వాడేనా?"

నవ్వుతూనే అడిగాడు. మనస్వినికి మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. అంతకు ముందు నెలే ఆమె సిఫారసు మీద రేవంత్ చేరాడు. ఇంకో తెలుగువాడి కోసం మాట్లాడితే ఏమనుకుంటారో! "అవును, స్లో," అంది. ఇంటర్వ్యూ మీద అభిప్రాయం రాసే ఫారంలోనూ ఆ ఒక్క మాటే రాసి పంపింది.

జూన్‌లో అదే ఉద్యోగం మళ్లీ ఖాళీ అయింది. మనస్విని లింక్డిన్‌లో త్రినాథ్‌ను వెతికి, తన నంబరిచ్చి మెసేజ్ పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం అతనే ఫోన్ చేశాడు.

"హైదరాబాద్ వచ్చేసిన అక్కా. ఇరవై రోజులైంది. ఈడ చిన్న జాబ్ దొరికింది."

ఆమె ఖాళీ సంగతి ఎత్తకముందే అతనే మళ్లీ అన్నాడు. "ఒకటి అడగాలె. మీ కంపెనీ నుంచి స్లో అని ఒక్క ముక్క మెయిల్ల వచ్చింది. ఇగ ఆ తర్వాత ప్రతి ఇంటర్వ్యూల ఉరికిన. ఏం ఆలోచించకుంట టకటక రాసిన. అన్నీ పోయినయ్. నిజంగనే నేను గంత స్లోనా?"

"కాదు త్రినాథ్. అది రాసింది నేనే. నువ్వు ఆగి అడిగావే, అదే సరైన పద్ధతి. నాకప్పుడే తెలుసు. మనవాడి వైపు మాట్లాడిందంటారేమోనని భయపడ్డాను."



"అప్పుడే చెప్తే అయిపోతుండె గదా అక్కా," అన్నాడు త్రినాథ్. గొంతులో కోపం లేదు. మీటింగ్ ఉందని పెట్టేశాడు.

ఆ సాయంత్రమే ఆమె ఓషీన్ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. ఓషీన్ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు రుద్దుకున్నాడు.

"నేను అతని పని సరిగా చూడలేదు. అందుకే నిన్ను అడిగాను. నువ్వు తీసుకుందామంటే తీసుకునేవాణ్ణి."

ఆ రోజు తను మాట్లాడి ఉన్నా ఫలితం ఉండేది కాదని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకుంది మనస్విని. ఇప్పుడు ఆ ఊరట కూడా లేదు.