రాళ్ళకి పోటెక్కిన మధ్యాహ్నం

జూన్ నెల వచ్చిన సంగతి డెల్ఫీనాకి క్యాలెండరు కన్నా ముందు మణికట్లు చెబుతాయి. రెండూ వాస్తాయి. పొద్దున్నే కాఫీ గిన్నె దించడానికి కూడా గుడ్డ చుట్టుకుని, రెండు చేతులూ ఆనించాల్సి వస్తుంది. అయినా ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ ఆ నెలలో సావ్ జొవావ్ పండుగకి గరిటె పట్టుకుంటూనే ఉంది. మకావులో, సావ్ లాజారో చర్చి పక్కనుంచి పైకెక్కే వీధిలో, పండుగ రోజున ఆవిడ బల్ల మీద పంది మాంసం చింతపండు కూర ఉండి తీరాలి. లేకపోతే జనం ‘ఏం, పోయిందా?’ అని అడుగుతారు. కూర గురించి కాదు, ఆవిడ గురించి.

ఆ శనివారం కూడా ఎప్పటిలాగే మొదలైంది. రంగు కాగితాల తోరణాలు కట్టారు. సార్డీన్ చేపలు కాల్చేవాళ్ళు బొగ్గులు రాజేశారు. అకార్డియన్ వాయించే ముసలాయన చర్చి మెట్ల మీద కూర్చుని వేళ్ళు విరుచుకుంటున్నాడు. పదింటికల్లా అందరూ తాళ్ళు తెచ్చుకుని బల్లల కాళ్ళు కిటికీ ఊచలకి కట్టుకున్నారు.

ఆ తాళ్ళు ఎందుకో చెప్పాలి. ఆ వీధిలో నేలంతా అరచేతిలో పట్టే తెల్లరాళ్ళు. మధ్యలో నల్లరాళ్ళతో అలల ఆకారాలు పరిచారు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు పండుగ వాయిద్యాలు మొదలైతే ఆ నల్ల అలలు లేస్తాయి. జానెడు ఎత్తు, అంతే. చర్చి దగ్గర మొదలై నెమ్మదిగా పైకి పాకుతాయి. కట్టకుండా వదిలిన వస్తువు ఏదైనా వాటితో పాటు పైకి పోతుంది. ఒక ఏడాది బీరు పీపా కొట్టుకుపోయి పై మలుపులో దొరికింది, సగం ఖాళీ అయి. ఆ ఖాళీ మాత్రం రాళ్ళ పని కాదని అందరికీ తెలుసు. ఆటు రాగానే అలలు పడుకుంటాయి, రాళ్ళు మళ్ళీ గట్టిపడతాయి. గోడల పక్కనుండే ఉత్త తెల్లరాళ్ళు కదలవు కాబట్టి జనం వాటి మీద నడుస్తారు.

“పెద్దమ్మా, రుచి చూడండి,” అంది సోక్ హాన్, గిన్నె ముందుకు పెట్టి.

సోక్ హాన్ అదే వీధిలో నూడుల్స్ కొట్టు నడిపే చీనా పిల్ల. ముప్ఫై రెండేళ్ళు. డెల్ఫీనాకి పిల్లలు లేరు. ఈ బల్ల ఇక నావల్ల కాదు, నువ్వు తీసుకుంటావా అని చలికాలంలో అడిగితే, ఆ పిల్ల రెండు రోజులు ఆలోచించి తలూపింది. కానీ పండుగ కమిటీ ఒక షరతు పెట్టింది. కొత్త మనిషి ఇక్కడే, వీధిలో, అందరి ముందూ వండాలి. నాలుగింటికి కమిటీవాళ్ళు తిని చూస్తారు. పాత రుచి ఉంటే బల్ల ఆ పిల్ల పేరు మీదికి మారుతుంది. లేకపోతే డెల్ఫీనా ఇంకో మూడేళ్ళు తనే నిలబడి వండాలి, లేదా ఏదో పెద్ద హోటలు వాళ్ళకి ఇచ్చేస్తారు. హోటలు వాళ్ళు అప్పుడే వచ్చి బల్ల పొడుగు కొలుచుకుని వెళ్ళారు కూడా.

డెల్ఫీనా చెంచాతో నాలిక మీద వేసుకుంది. ఇంకో చెంచా తీసుకుంది.

“బాగుంది,” అంది చివరికి.

“అంటే బాలేదన్నమాట.”

“బాలేదని నేనన్నానా?”

“మీరు నా కొట్టులో నూడుల్స్ తిన్నప్పుడు కూడా ఇలాగే బాగుందంటారు.”

అంతకు ముందు ఆ పిల్ల తన వంటింట్లో నాలుగుసార్లు వండి తెచ్చింది. నాలుగుసార్లూ డెల్ఫీనా ‘చెయ్యి తిరగాలి, వస్తుందిలే’ అనుకుని ఊరుకుంది. ఈ పూట మాత్రం పక్కనే కూర్చుని మొదట్నించీ కళ్ళప్పగించి చూసింది. వెల్లుల్లి, ఉల్లి, బిర్యానీ ఆకు, బెల్లం, బలిషావ్ అనే పులిసిన చిట్టిరొయ్యల ముద్ద, చింతపండు. తను రాసిచ్చిన కాగితంలో ఏది ఎప్పుడు వెయ్యమని ఉందో అది అప్పుడే పడింది. తప్పు ఆ పిల్ల చేతిలో లేదు. కాగితంలో ఉంది.

అక్కడి పాత కుటుంబాల ఆడవాళ్ళకి ఒక అలవాటు. వంట ఎలా చెయ్యాలో ఎవరడిగినా కాదనరు. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, చక్కటి అక్షరాలతో రాసిస్తారు. ఒక్క సంగతి మాత్రం వదిలేస్తారు. అది దొంగతనం కాదు, అబద్ధం కాదు. ఇంటికి తలుపు ఉన్నట్టు, వంటకి అది తలుపు. తీసుకునేవాళ్ళకీ తెలుసు, అందుకే ఇంటికెళ్ళి వెతుక్కుంటారు.

డెల్ఫీనా ఈసారి ఏమీ దాచకూడదనే రాసింది. మేరీమాత పటం ముందు కూర్చుని మరీ రాసింది. కానీ ఈ ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆ కూర తొమ్మిదిమందికి రాసిచ్చింది, ప్రతిసారీ అదే ఒక్కటి వదిలి. రాసి రాసి చేతికి అదే పాఠమైపోయింది. ఇప్పుడు తను వదిలిందేమిటో తనకే తెలియదు. ఇంట్లో వండేటప్పుడు చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి, మనసుతో పని లేదు.

“కాగితం ఇలా ఇవ్వు,” అంది. పైనుంచి కిందికి చదివింది. కిందనుంచి పైకి చదివింది. అన్నీ ఉన్నాయి.

“ఏం వెతుకుతున్నారు?”

“నేను నీకు చెప్పనిది.”

సోక్ హాన్ గరిటె పక్కన పెట్టింది. కోపం రాలేదు. ఆ వీధిలో పుట్టిన పిల్ల కదా. “ఇంకో కుండ పొయ్యి మీద ఉంది. మాంసం ఉడుకుతోంది. చింతపండు ఇంకా నానెయ్యలేదు,” అంది. “మూడింటి లోపల గుర్తొస్తే చాలు పెద్దమ్మా.”

అప్పుడు రెండున్నర.

డెల్ఫీనా లేచి, కళ్ళు మూసుకుని, వండుతున్నట్టే చేతులు గాల్లో ఆడించి చూసింది. తరిగింది, వేసింది, తిప్పింది. చింతపండు ఉండ తీసుకుంది. అప్పుడు ఎడమ చెయ్యి దేనికోసమో పక్కకి వెళ్ళింది. తన వంటింట్లో అయితే అక్కడ ఏదో ఉంటుంది. ఇక్కడ ఏమీ లేదు. చెయ్యి ఖాళీగా తిరిగొచ్చింది. ఏమిటే అని చేతినే అడిగింది. మణికట్టు సలిపింది.

“ఈ కాగితం మొదట ఎవరికి రాశారు?” అని అడిగింది సోక్ హాన్.

డెల్ఫీనా వీధి పైకి చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది.

మొదట రాసిచ్చింది ఆడపడుచు హెర్మీనియాకి. భర్త చెల్లెలు. కూతురి బాప్తిజానికి యాభైమందిని పిలిచి, వదిన కాగితం చూసి వండింది. అందరూ ఒక ముద్ద తిని, మర్యాదగా, కేకు వైపు మళ్ళారు. ఆ రోజునించీ హెర్మీనియా వదినతో మళ్ళీ మాట్లాడలేదు. తలుపుంటుందని తెలిసీ కోపమెందుకని ఊరంతా అన్నారు. “పరాయివాళ్ళకి తలుపు. నాకూ తలుపేనా?” అందిట. అన్న పోయినప్పుడు కూడా సమాధి దగ్గర ఆ చివర నిలబడి, ఆ చివర్నించే వెళ్ళిపోయింది. ఇల్లు మాత్రం ఇదే వీధిలో, పైన, రెండొందల అడుగుల దూరంలో.

చర్చి మెట్ల మీద అకార్డియన్ లేచింది, దాని వెనక గిటార్లు. నల్లరాళ్ళు ఒళ్ళు విరుచుకున్నాయి. రెండో పొయ్యి కోసం ఆ తర్వాత తెచ్చి వేసిన బల్ల ముందుకు జరగబోతే సోక్ హాన్ కుండ పట్టుకుంది.

“తాడు. ఇంకో తాడేదీ?”

ఇంకోటి లేదు. డెల్ఫీనా తన పేము కుర్చీకి కట్టిన తాడు విప్పి ఇచ్చింది. ఇచ్చి, వచ్చి అందులోనే కూర్చుంది, నిలబడే ఓపిక లేక.

మొదటి అల కుర్చీని ఎత్తి దించింది. రెండోది ఎత్తింది, దించలేదు. అలాంటప్పుడు ఎవరైనా కాలు కింద ఆనిస్తారు, కుర్చీ ఆగిపోతుంది. డెల్ఫీనా కూడా కాలు చాపింది. చాపి, వీధి పైకి ఒకసారి చూసి, కాలు వెనక్కి తీసుకుంది.

సార్డీన్ చేపల బల్ల దాటింది. “ఎక్కడికండీ?” అన్నాడు కాల్చేవాడు, పొగలోంచి.

“పైకి,” అంది.

“జాగ్రత్తండీ. మలుపులో రాళ్ళు గరుకు.”

హెర్మీనియా గుమ్మం పక్కన ముక్కాలిపీట వేసుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. డెల్ఫీనా కాలు కింద ఆనించి కుర్చీ ఆపింది. అరవై తొమ్మిదేళ్ళు. చూపు తగ్గింది కానీ ఎదురుగా వచ్చి ఆగిన మనిషి తెలియనంత కాదు. రెండు రెబ్బలు ఒలిచాక అంది:

“దారి తప్పావా వదినా?”

“నేను కాదు, కుర్చీ.”

“ముప్ఫై ఎనిమిదేళ్ళు పట్టిందా దానికి?”

“తాడు కట్టి ఉంచాను.”

హెర్మీనియా పొట్టు ఊదింది. “లావయ్యావు.”

“నువ్వు సన్నబడ్డావు. హెర్మీనియా, ఒక మాట అడగాలి.”

“అడుగు. మా ఇంట్లో ఏమీ దాచం.”

ఆ దెబ్బ తగలాల్సినచోటే తగిలింది. డెల్ఫీనా కాదనలేదు. “ఆ చింతపండు కూరలో... నేను నీకు చెప్పనిది ఏమిటి?”

హెర్మీనియా చేతిలో చాకు ఆగిపోయింది. వదిన ముఖంలోకి మొదటిసారి సరిగ్గా చూసింది. వెక్కిరింపు కోసం వెతికింది. అలసట తప్ప ఏమీ కనబడలేదు.

“నువ్వు మర్చిపోయావా?”

“మర్చిపోయాను. నాలుగింటికి ఆ పిల్ల వండి పెట్టాలి. కుదరకపోతే మళ్ళీ నేనే. నా చేతులు చూడు.”

చూపించింది. హెర్మీనియా ఆ వాచిన చేతులకేసి చాలాసేపు చూసింది.

“కొబ్బరి వేసి చూశాను,” అంది మెల్లగా. “లవంగం. నారింజ తొక్క. సారా. ఏడాదికి ఒకటి. మా ఆయన ఇంక ఆ కూర వద్దు మొర్రో అన్నాడు. పన్నెండేళ్ళ కిందట పెద్ద తుపాను వచ్చింది చూడు, పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మూడు రోజులు కుళాయిల్లో చుక్క లేదు. బియ్యం కడిగిన నీళ్ళు పారబొయ్యడానికి మనసొప్పలేదు. అందులోనే చింతపండు నానేశాను.”

డెల్ఫీనా ఎడమ చెయ్యి ఒళ్ళోంచి లేచి, పక్కకి వెళ్ళింది. అక్కడ, తన వంటింట్లో, బియ్యం కడుగు పట్టే మట్టి ముంత ఉంటుంది.

“కుండెడు కూర ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను,” అంది హెర్మీనియా. “దొరికిందని ఎవరికి చెప్పను? నీకా?”

“చెప్పాల్సింది.”

“నువ్వు చెప్పాల్సింది.”

“అవును,” అంది డెల్ఫీనా. “నేనే చెప్పాల్సింది. ఆ రోజు నీ ముఖం చూశాను. చూసి కూడా మాట్లాడలేదు.”

కింద అకార్డియన్ పాట మార్చింది. హెర్మీనియా మోకాళ్ళు పట్టుకుని లేచింది.

“రేపటి బియ్యం ఇవాళే కడుగుతాను. ఆ పిల్ల పేరేమిటి?”

“సోక్ హాన్. నేనూ వస్తాను.”

“ఎలా వస్తావు? అలలు ఇంకా పైకే పోతున్నాయి, నీ మోకాళ్ళు అంచున నడవలేవు. కూర్చో.”

గోడ పక్క తెల్లరాళ్ళ మీద, ఒక చేత్తో కిటికీ ఊచలు పట్టుకుంటూ, ఇంకో చేత్తో మూత పెట్టిన గిన్నె మోసుకుంటూ హెర్మీనియా దిగి వెళ్ళింది. డెల్ఫీనా ఆమె వీపునే చూస్తూ కూర్చుంది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి పండుగ జరుగుతోంది, తను బల్ల దగ్గర లేదు. లేచి వెళ్ళాలనిపించింది. ఆ తర్వాత అనిపించడం మానేసింది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

లేచేసరికి వాయిద్యాలు ఆగిపోయాయి. ఎదురుగా సోక్ హాన్, కమిటీ కార్యదర్శి ఔరేలియో, వాళ్ళ వెనక ఆయాసపడుతూ హెర్మీనియా.

“రాసుకున్నారు పెద్దమ్మా,” అంది సోక్ హాన్. “నా పేరు రాసుకున్నారు. ఈయన మూడుసార్లు పెట్టించుకున్నారు.”

“రెండుసార్లు,” అన్నాడు ఔరేలియో. “మూడోది మా ఆవిడకి. పాతవారి సంతకం కావాలి, ఇక్కడ.”

డెల్ఫీనా వాచిన వేళ్ళతో సంతకం చేసింది. వంకరగా వచ్చింది. అయినా చెల్లుతుందన్నాడు.

“నడుముకి గుడ్డ కట్టుకుని కూర్చుందమ్మా ఈ పిన్ని,” అంది సోక్ హాన్ హెర్మీనియాని చూపించి. “‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని నా ప్రాణం తీసింది.”

“మంట ఎక్కువ పెడుతుంది,” అంది హెర్మీనియా. “చెప్పేవాళ్ళు లేక.”

ఇంటికి వెళ్దామని డెల్ఫీనా లేచింది. కుర్చీ లేవలేదు. ఆమె నిద్రలో ఉండగా ఆటు వచ్చి, రాళ్ళు బిగుసుకున్నాయి. కుర్చీ ముందుకాళ్ళు రెండూ నల్లరాళ్ళ మధ్య అంగుళం లోతున ఉండిపోయాయి. ఔరేలియో లాగాడు, సోక్ హాన్ లాగింది. పేము కిర్రుమంది తప్ప కుర్చీ రాలేదు. సోమవారం పురపాలక సంఘం మనిషి వచ్చి చూసి, వచ్చే ఏడాది పండుగకి దానంతట అదే వదులుతుంది, ఇప్పుడు తవ్వితే అల పాడవుతుంది అని చెప్పి పోయాడు.

డెల్ఫీనాకి ఒంటికి పట్టే కుర్చీ అదొక్కటే. ఇంట్లో మిగిలినవన్నీ నడుం నొప్పి పుట్టించేవే. అందుకని మంగళవారం మధ్యాహ్నం, ఆగి ఆగి, వీధి పైకి ఎక్కి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. బుధవారం కూడా వచ్చింది. హెర్మీనియా గుమ్మంలోంచి చూసి, “దారికడ్డం,” అంది. గురువారం రెండు కప్పుల కాఫీ తెచ్చింది.

శుక్రవారం హెర్మీనియా తాపీమేస్త్రీని పిలిపించి, ఆ కుర్చీ కాళ్ళ చుట్టూ సిమెంటు వెయ్యమంది. ఎందుకమ్మా అని అతనడిగితే, చీకట్లో ఎవరైనా తట్టుకుని పడితే పాపం తనకి చుట్టుకుంటుందని చెప్పింది. మేస్త్రీ తలూపి సిమెంటు కలిపాడు. “నాలుగు కాళ్ళకీ,” అంది హెర్మీనియా.